ఖాళీ గడి, ఖాళీ విస్తరి

"పాతదాన్ని ఎప్పుడు ఆపేద్దాం మేడమ్?" అని అడిగాడు ఫణీంద్ర.

సత్యవాణి గారిని ప్రశ్న అడిగి, జవాబు పట్టుకుని వెళ్ళినవాళ్ళు ఆ ఆసుపత్రిలో లేరు. ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అడిగినవాడికి ఏదో ఒక పని అప్పజెప్పేవారు. ఆ పని చేసుకుంటూ ఉండగా ఎక్కడో దారిలో జవాబు తగిలేది. తగలకపోతే అది వాడి ఖర్మ. ఫణీంద్ర ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన కొత్తలో ఈ పద్ధతికి తెగ విసుక్కునేవాడు. ఇప్పుడు ఆవిడ కళ్ళజోడు మీద చెయ్యి వేస్తే చాలు, వాడి గుండె జారిపోతుంది.

రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గర్లో ఉన్న ట్రస్టు ఆసుపత్రి అది. రోగుల వివరాలన్నీ, అక్కడి కంప్యూటర్ల పనంతా చూసే సత్యవాణి గారు వయసులో ఉండగా పెట్టించిన డేటాబేస్‌లో ఉన్నాయి. దాన్ని తయారుచేసిన కంపెనీ ఏనాడో చేతులు దులుపుకుంది. ఎండాకాలం వస్తే సర్వరు మూలుగుతుంది, వానాకాలం వస్తే మొరాయిస్తుంది. ఇక లాభం లేదని, ఉన్న వివరాలన్నిటినీ వేరే రకం డేటాబేస్‌లోకి మార్చే పని ఫణీంద్రకు అప్పగించారు. నెలల తరబడి తిండీ నిద్రా మానుకుని మార్చాడు. రేపు సాయంత్రం ఆసుపత్రి మొత్తం కొత్తదాని మీదకు వెళ్ళాలి. రేపు మధ్యాహ్నం ఆ సంతోషంలో అందరికీ విందు.

"ఒక్క తప్పు కూడా రాలేదు మేడమ్. రోగుల వరసలన్నీ చేరాయి" అన్నాడు. ఆవిడ నోటినుంచి ఒక్క 'భేష్' వినాలని వాడి కోరిక. ఇన్నాళ్ళ కష్టమూ దానికోసమే అన్నా అబద్ధం కాదు.

ఆవిడ కళ్ళజోడు తీశారు.

"రోగికి పడని మందు రాసే గడి ఉందే, పాతదాంట్లో అది ఖాళీగా ఉన్నవాళ్ళు బోలెడు మంది ఉండాలి. వాళ్ళనేం చేశావు?"

ఆ ప్రశ్నకు ఫణీంద్ర తడుముకోలేదు. పాతది మెతక, ఏ గడి ఖాళీగా వదిలేసినా కిమ్మనేది కాదు. కొత్తది అలా కాదు. ఉంటే ఉందని రాయాలి, లేకపోతే లేదని రాయాలి, ఖాళీగా వదిలితే ఆ వరసనే గుమ్మం దగ్గర ఆపేస్తుంది. ఆ గుమ్మం దాటించడానికి తను కనిపెట్టిన ఉపాయం వాడికి భలే ముద్దుగా ఉంది.

"అందరికీ 'లేదు' అని నింపేశాను మేడమ్. ఏమీ చెప్పలేదంటే లేదనే కదా!"

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "రేపు భోజనాల దగ్గర చూద్దాంలే" అన్నారు. భోజనాలకూ డేటాబేస్‌కూ ఏమిటి సంబంధమో ఫణీంద్రకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్న ఆఖరి పరీక్షల హడావిడిలో వాడు టిఫిన్ కూడా తినలేదు. మధ్యాహ్నానికి కడుపులో ఎలకలు పరిగెత్తుతున్నాయి. ఆసుపత్రి హాల్లో వరసగా విస్తళ్ళు వేశారు. ముఖ్య అతిథి తనే కనుక, సూపరింటెండెంట్ కోదండపాణి గారి పక్కనే కూర్చోబెట్టారు. పనసపొట్టు కూర ఆవపిండి ఘాటు హాలంతా కమ్మేసింది. వంటల సూరిబాబు గిన్నె పట్టుకుని వరసన వడ్డిస్తూ వస్తున్నాడు.

మన బంతి భోజనాల మర్యాద మనకు తెలిసిందే. వద్దనుకున్నవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. పెట్టకపోతే వడ్డించేవాడు ఆగడు. ఫణీంద్ర చెయ్యి ఎందుకు పెడతాడు? రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. సూరిబాబు కోదండపాణి గారికి కూర వడ్డించి, వీణ్ణి దాటేసి, అవతలివాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

పొరపాటు పడ్డాడు కాబోలు అనుకున్నాడు ఫణీంద్ర. పులిహోర వచ్చింది, వీణ్ణి దాటిపోయింది. ముద్దపప్పూ ఆవకాయా వచ్చాయి, దాటిపోయాయి. వేడివేడి బూరెలు వచ్చాయి. కోదండపాణి గారు బూరెకు చిల్లుపెట్టి, నెయ్యి పోయించుకుని, కళ్ళు మూసుకుని నములుతున్నారు. ఫణీంద్ర విస్తరి మాత్రం నీళ్ళు చల్లి తుడిచినది తుడిచినట్టే నిగనిగలాడుతోంది. తన పేరు మీద జరుగుతున్న విందులో తనే నోరు తెరిచి అడగడమా? సిగ్గేసింది. ఆ తరవాత ఏడుపొచ్చింది. చివరికి ఆకలే గెలిచింది.

"సూరిబాబు గారూ, మరి నాకో?"

"ఆయ్, మేడమ్ గారు సెప్పారండి" అన్నాడు సూరిబాబు, గిన్నె చంకన పెట్టుకుని. "తవరేవీ అన్లేదు కదండీ. ఏవీ అన్లేదంటే వద్దనేనంట కదండీ!"

బంతి బంతంతా గొల్లుమంది. ఫణీంద్రా నవ్వాడు. నవ్వుతూనే ఎదురు వరసలో కూర్చున్న సత్యవాణి గారి వంక చూశాడు. ఆవిడ నవ్వడం లేదు. తలవంచుకుని పప్పు కలుపుకుంటున్నారు. వాడి నవ్వు సగంలో ఆగిపోయింది. ఎదుట ఉన్న ఖాళీ విస్తరిని చూశాడు. తను 'లేదు' అని నింపిన గడులు ఒక్కొక్కటే వాడి కళ్ళముందు తిరిగాయి. ఆ గడుల వెనక ఉన్న మనుషులు మందు పడక కాదు, పడుతుందనీ కాదు, ఎవరూ అడగక ఊరుకున్నవాళ్ళు. సాయంత్రం కొత్తది తెరిస్తే వాళ్ళందరి పేరునా ఆసుపత్రే హామీ ఇస్తుంది: వీళ్ళకు ఏ మందైనా పడుతుంది, పొడవండి అని. 

లేవబోయాడు.

"ఎక్కడికి? బంతిలోంచి లేవకూడదు" అన్నారు సత్యవాణి గారు. "ముందు తిను. సూరిబాబూ, వాడికి కాస్త దండిగా వడ్డించు."

తిన్నాడు గాని ఏం తిన్నాడో వాడికి గుర్తులేదు. చెయ్యి కడుక్కుని తిన్నగా కోదండపాణి గారి ముందు నిలబడ్డాడు. ఈ సాయంత్రం కొత్తది తెరవొద్దని చెప్పాడు.

ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు. "ఒక్క తప్పు కూడా లేదన్నావుగా?"

"తప్పు లేదండి. అబద్ధం ఉంది. అది నేను రాసిందే" అన్నాడు ఫణీంద్ర.

తెరవడం వాయిదా పడింది. అందరినీ విందుకు పిలిచి వాయిదా వేయించాడని కొందరు ఈసడించారు కూడా. వాడు పట్టించుకోలేదు. తను నింపిన 'లేదు'లన్నీ చెరిపేశాడు. కొత్తదానికి మూడో మాట నేర్పాడు: 'అడగలేదు'. ఆ మాట ఉన్న రోగి పేరు తెరిస్తే స్క్రీన్ ఎర్రబడుతుంది. అడిగి రాసేదాకా మందుల చీటీ కదలదు. ఒక మంచి రోజు చూసి ఆసుపత్రిని కొత్తదాని మీదకు తెచ్చారు. ఎందుకైనా మంచిదని పాతదాన్ని కూడా పక్కన నడవనిచ్చారు.

ఆ మొదటి పొద్దుటే చిట్టెమ్మ అనే చేపలమ్మే ఆవిడ చీము పట్టిన కాలుతో కుంటుకుంటూ వచ్చింది. పాత రోగే. పేరు కొట్టగానే స్క్రీన్ ఎర్రబడింది. డాక్టరుగారు అలవాటుగా రాయబోయిన ఇంజెక్షను చీటీ ముందుకు కదలలేదు. హెడ్ నర్సు రత్నమణి విసుక్కుంటూనే అడిగింది: "ఏమ్మా, నీకు ఏ మందైనా పడదా?"

"పెన్సిలిన్ పడదమ్మా. మా పుట్టింటికాడ ఓసారి పొడిత్తే గొంతు మూసుకుపోయింది, సచ్చి బతికాను" అంది చిట్టెమ్మ. "ఇక్కడెవురూ అడగలేదు. పెద్ద డాకటర్లు, ఆళ్ళకి తెలీదా అని నేనూ సెప్పలేదు."

డాక్టరుగారు రాయబోయింది అదే మందు. పడని మందు గడిలో ఆ పేరు తనే ఎక్కించారు. తరవాత వేరే మందు రాశారు. కొన్నాళ్ళకు చిట్టెమ్మ కాలు నయమైంది. చీటీ ఆగిన సంగతి మాత్రం ఆ మధ్యాహ్నానికల్లా ఆసుపత్రి అంతా పాకింది. మొదట ఈసడించినవాళ్ళే ఫణీంద్ర భుజం తట్టారు. కోదండపాణి గారైతే "మళ్ళీ విందు పెట్టాల్సిందే, ఈసారి ఖర్చు నాది" అని ప్రకటించారు. వాడి ఆనందం చూడాలి! నేల మీద నడుస్తున్నట్టు లేదు.

రెండో విందులో ఫణీంద్ర కూర్చోనన్నాడు. పంచె ఎగ్గట్టి, సూరిబాబు చేతిలోంచి బూరెల బుట్ట లాక్కుని తనే వడ్డనకు దిగాడు. వరసన వస్తూ వస్తూ సత్యవాణి గారి విస్తరి ముందు ఆగాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టలేదు, కావాలనీ అనలేదు. బంతి మర్యాద ప్రకారం వేసేయొచ్చు. సూరిబాబయితే ఈపాటికి నాలుగు పడేసి ఉండును.

ఫణీంద్ర వంగి అడిగాడు: "వెయ్యమంటారా మేడమ్?"

ఆవిడ తలెత్తి వాణ్ణి చూశారు. ఈసారి కళ్ళజోడు తియ్యలేదు.

"రెండు వెయ్యి" అన్నారు. "వేసి వెళ్ళి, పాతదాన్ని ఆపెయ్."