గంగరత్న పట్టుపురుగులు

అనగనగా రాళ్ళగుట్టల కింద ఒక చిన్న ఊళ్ళో గంగరత్న అనే ఆమె ఉండేదమ్మా. మొగుడు పోయాడు. ఇంట్లో ఆమె, ముసలి అత్త నంజమ్మ, ఇద్దరే. పట్టుపురుగులు పెంచుకుని బతికేవాళ్ళు.

గంగరత్న మల్బరీ ఆకు కోసుకొచ్చేది. నంజమ్మ దాన్ని సన్నగా తుంచి, వెదురు తట్టల్లో పురుగులకు వేసేది. "తినండి నా బంగారాల్లారా" అనేది.

ఒకసారి పురుగులన్నీ పచ్చటి నీళ్ళు కక్కుకుని చచ్చిపోయాయి. ఆకు చాల్లేదేమో అనుకుంది గంగరత్న. అప్పుడు రెండింతలు పెట్టింది. మళ్ళీ చచ్చిపోయాయి. ఆ తర్వాత వేరే ఊరి నుంచి పిల్లపురుగుల్ని తెచ్చింది. అవీ పోయాయి. తట్టలకు తట్టలు గుంటలో పోసి మన్ను కప్పుతుంటే ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

తోటలో ఇంకొక్క పంటకే ఆకు ఉంది. అదీ పోతే ఊరొదిలి కూలికి పోవడమే.

గంగరత్న గుంట పక్కనే కూలబడింది. 'బతికించడం నాకు చేతకాలేదు. పోనీ, పగవాడెవడైనా వీటిని చంపాలనుకుంటే ఏం చేస్తాడు?' అనుకుంది.

తడి ఆకు వేస్తాడు. తను ఆరబెట్టే వేస్తోంది. చీమల్ని వదులుతాడు. చీమలెక్కకుండా నీళ్ళగిన్నెలు పెట్టింది. పొగాకు తగిలిస్తాడు...

అక్కడ ఆమె చటుక్కున లేచి నిలబడింది. ఈమధ్య పంటినొప్పి పట్టుకున్నప్పటి నుంచి నంజమ్మ దవడలో ఎప్పుడూ పొగాకు ముక్క ఉంటోంది. ఆ వేళ్ళతోనే ఆకు తుంచుతుంది.

చెప్పాలా వద్దా అని మూడు రోజులు నలిగిపోయింది. కొత్త పురుగులు వచ్చే పొద్దున చెప్పేసింది.

"అత్తా, నువ్వింక ఆకు ముట్టుకోవద్దు. పొగాకు ఘాటుకే చచ్చిపోతున్నాయి."

నంజమ్మ తన చేతుల్ని చూసుకుంది. "అన్నిటినీ నేనే చంపానా, రత్నా?"

గంగరత్న తల దించుకుని ఆకు తట్ట తన వైపు లాక్కుంది.

ఆ రోజే ముసలామె పొగాకు మానేసింది. కానీ పురుగుల గదిలో మళ్ళీ అడుగు పెట్టలేదు.

ఆ పంట బతికింది తల్లీ. పురుగులు గూళ్ళు కట్టాయి. గంగరత్న పసుపచ్చటి గూళ్ళు దోసిట్లో పట్టుకుని పరుగున వచ్చింది. "ఇదిగో అత్తా, పట్టుకో!"

నంజమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"నేను ముట్టుకోనమ్మా. వాటినైనా బతకనీ."

గంగరత్న ఎంత బతిమాలినా ఆ చేతులు బయటికి రాలేదు.

కథేమో కంచి బాట పట్టింది,
మనింటికి నిద్దరొచ్చి తలుపు తట్టింది.