మెహ్రాబ్ ముందు గునపం

తాహిర్ గునపం పట్టుకుని మసీదులోకి వచ్చాడు.

పట్టణంలో రెండేళ్లు ఉండి సూర్యుడి లెక్కలు, చుక్కల లెక్కలు నేర్చుకుని వచ్చినవాడు. ఆ కొండ ఊరి మసీదులో మెహ్రాబ్, అంటే నమాజుకు దిక్కు చూపే గోడ గూడు, నేరుగా పడమర గోడలో ఉంది. మక్కా మాత్రం అక్కణ్ణించి కాస్త ఎడమకు ఉంటుందని అతని లెక్క తేల్చింది.

అజాన్ పిలిచే ముసలాయన హాతిమ్ మెహ్రాబ్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"మా తాత కట్టిన గోడరా ఇది! తెలివి ఎక్కువై అల్లా మీద ఈమాన్ పోగొట్టుకున్నావు. నడు బయటికి!"

"మీ తాతకు పడమర తప్ప వేరే దిక్కు తెలీదు. దిక్కు తప్పిన నమాజు నమాజే కాదు. నువ్వూ, మీ నాన్నా, మీ తాతా బతుకంతా గాలికి వంగి లేచారు!"

వెనకున్నవాళ్లలో ఒకడు రాయి ఎత్తాడు.

"కింద పెట్టు దాన్ని!"

అరిచింది షేక్ బుర్హాన్. తాహిర్‌కు అక్షరాలు దిద్దించిన గురువు, ఆ మసీదులో నమాజు చేయించే పెద్ద. ఆయన గొంతు పెంచడం ఆ ఊరు ఎప్పుడూ వినలేదు.

"హజ్రత్, మీరే చెప్పండి. నా లెక్క తప్పా?"

"కాదు. ఈ పొద్దే నేనూ కొలిచి చూశాను. నీ లెక్క ఒప్పు."

జనం గగ్గోలు పెట్టారు. తాహిర్ గునపం పైకెత్తాడు. గురువు అతని మణికట్టు పట్టుకున్నాడు.

"దిక్కు తప్పినవన్నీ తవ్వాల్సిందే కదా? అయితే ఇక్కడ కాదు మొదలు. రా."

పెరట్లోని సమాధుల మధ్యకి ఈడ్చుకుపోయాడు. ఒక మట్టి దిబ్బ ముందు ఆపాడు.

"ఎవరిది?"

"మా అమ్మది."

"గోతిలో పడుకోబెట్టింది ఎవరు?"

"నేనే. చదువుకు పోయే ముందు."

"ముఖం ఎటు తిప్పావు?"

"కిబ్లా వైపు. నమాజుకు నిలబడే దిక్కుకే."

"ఏ కిబ్లా?"

తాహిర్ మసీదు పడమర గోడ వైపు చూశాడు.

"తవ్వు!" అన్నాడు గురువు. "నీ తల్లి గాలిని చూస్తూ పడుకుంది. తవ్వి సరిచెయ్యి!"

గునపం చేతిలోంచి జారింది.

వెనక ఎవరో నవ్వారు. గురువు గిర్రున తిరిగాడు.

"ఎవడది? ఆమెకు తెలీదు. తెలియని మనిషి నమాజు అల్లా కాదనడు. ఈ పొద్దు మీకు తెలిసింది. తెలిశాక కూడా పడమరకే నిలబడితే, మొక్కేది గోడకా, అల్లాకా?"

గురువు లోపలికి పోయాడు. మెహ్రాబ్‌ను ముట్టుకోలేదు. దాని ముందున్న తన చాపను మాత్రం ఎడమకు తిప్పాడు. తర్వాత సున్నం నీళ్లలో ఒక తాడు ముంచి, వెనకే వచ్చిన తాహిర్ చేతిలో పెట్టాడు.

"వరుసలకు గీతలు గియ్యి. గోడ జోలికి పోకు."

తాడుకు రెండో కొస పట్టుకునేవాళ్లు లేరు. తాహిర్ వంగి, ఒక్కడే అలాగే నిలబడ్డాడు. సున్నం నీళ్లు నేల మీద బొట్లు బొట్లుగా పడ్డాయి.

చాలాసేపటికి హాతిమ్ వచ్చి, మోకాలు పట్టుకుని కూర్చుని, ఆ కొస అందుకున్నాడు.

"చాచా," అన్నాడు తాహిర్, తల ఎత్తకుండా. "మీ తాత గురించి నేను..."

"నీ వైపు వదులుగా ఉంది," అన్నాడు హాతిమ్. "బిగించి పట్టుకో."