ఆవగింజంత బుడగ

హైదరాబాదులో ఆస్పత్రిని ఆనుకుని ఉన్న ఒక పరిశోధనశాలలో తారకం అనే ఇంజనీరు ఉండేవాడు. పనిమంతుడే గానీ, పక్కవాళ్ళ పని కాస్త బాగుందంటే చాలు, కళ్ళలో నిప్పులు పోసుకునేవాడు.

ఆ పరిశోధనశాలలో చిప్‌ల మీద మనిషి ఊపిరితిత్తిని పెంచేవారు. చిప్ అంటే అగ్గిపెట్టెలో పట్టేంత రబ్బరు ముక్క, గాజులా అవతలివైపు కనిపిస్తుంది. దాని మధ్యలో సన్నని పొర. పొర పైన ఊపిరితిత్తి కణాలు, వాటికి గాలి. కింద రక్తనాళపు కణాలు, వాటికి పంపు గొట్టంలోంచి తోసే పోషక ద్రవం. మనం ఊపిరి తీసుకున్నట్టే ఆ పొర సాగేది, ముడుచుకునేది. ద్రవంతో పాటు ఒక్క గాలిబుడగ లోపలికి పోయిందా, కణాలన్నీ ఊడిపోయేవి. అందుకే అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. బుడగ ఎవరి గొట్టంలో కనిపించినా సరే, చూసినవాళ్ళు పంపు ఆపి కేక వెయ్యాలి.

తారకం పక్క బల్ల మీద మృణాళిని పనిచేసేది. ఆమె చిప్‌లు ఎప్పుడూ కారేవి కావు. చూడడానికి వచ్చిన పెద్దలంతా ముందు ఆమె దగ్గరే ఆగేవారు. "పనితనమా పాడా, అంతా అదృష్టం" అని తారకం గొణుక్కునేవాడు.

ఒకరోజు ఆస్పత్రి నుంచి సాయన్న అనే రోగి ఊపిరితిత్తిలోకి గొట్టం వేసి తీసిన కణాలు వచ్చాయి. సాయన్న బండలు కోసే మనిషి. ఏళ్ళ తరబడి పీల్చిన రాతిదుమ్ముతో అతని ఊపిరి సగమైపోయింది. డాక్టర్ల దగ్గర ఒక కొత్త మందు ఉంది. అది మేలు చేస్తుందో, ఉన్న ఊపిరి కూడా తీస్తుందో తెలియదు. ముందు అతని కణాల మీదే చూడాలి. ఆ కణాలు రెండు చిప్‌లకే సరిపోయాయి.

పరిశోధనశాల పెద్ద కృపావతిగారు ఇద్దరినీ పిలిచారు. "మృణాళినీ, మందు నీ చిప్‌కి ఇద్దాం. తారకం, నీ చిప్‌కి మందు వద్దు. ఉన్నదున్నట్టు ఉంచు" అన్నారు.

తారకం ముఖం మాడిపోయింది. 'అసలు పని ఆమెకీ, కాపలా నాకూనా!' అనుకున్నాడు. ఆ కడుపుమంటతో అతనికి అన్నం కూడా సయించలేదు.

మందు ఇవ్వాల్సిన రోజు వచ్చింది. మృణాళిని మందు తేవడానికి పక్క గదికి వెళ్ళింది. అప్పుడే ఆమె గొట్టంలో ఆవగింజంత బుడగ ఒకటి తారకం కంటపడింది. అది మెల్లగా చిప్ వైపు జరుగుతోంది. చెయ్యి చాస్తే పంపు అందుతుంది. అతని చెయ్యి లేచింది కూడా. 'నేను చూశానని ఎవరికి తెలుసు?' అనుకున్నాడు. ఆ చెయ్యి జేబులో పెట్టుకుని క్యాంటీన్‌కి వెళ్ళి టీ తాగాడు.

తిరిగి వచ్చేసరికి మృణాళిని మైక్రోస్కోపు ముందు కూర్చుని ఏడుస్తోంది. "అన్నీ ఊడిపోయాయి తారకంగారూ. నేనే సరిగ్గా చూసుకోలేదు" అంది. తారకం పైకి అయ్యో అన్నాడు. లోపల మాత్రం పండగ చేసుకున్నాడు. తన చిప్ చక్కగా ఊపిరి తీసుకుంటోంది మరి!

గబగబా కృపావతిగారి దగ్గరికి వెళ్ళాడు. "మేడం, నా చిప్ నిక్షేపంలా ఉంది. ఆ మందు దానికే ఇచ్చేద్దాం" అన్నాడు.

"ఇచ్చి, దేనితో పోల్చి చూస్తావు?" అన్నారు ఆవిడ. "రేపు కణాలు చస్తే మందు వల్ల చచ్చాయా, జబ్బు వల్ల చచ్చాయా? మందు లేనిది పక్కన ఉంటేనే కదయ్యా, మందు ఉన్నదాని మాట నమ్మేది! ఒకటి పోయాక రెండోది ఉన్నా లేనట్టే."

తారకానికి ఇది తెలియనిది కాదు. అది చదువుకునే రోజుల్లోనే నేర్చిన సంగతి. అసూయ దాన్ని కూడా మింగేసింది.

ఇద్దరూ గది బయటికి వచ్చేసరికి అక్కడ సాయన్న భార్య ఎల్లమ్మ నిలబడి ఉంది. "సారూ, మా ఆయనకు ఆ మందు పడ్తదా? ఏమన్న తేలిందా?" అని తారకాన్నే అడిగింది.

"కణాలు మళ్ళీ తియ్యాలమ్మా" అన్నారు కృపావతిగారు.

"మళ్ల గొట్టం ఏస్తరా? ఇగ తట్టుకునే తాకత్ లేదంటున్రు గదమ్మా డాక్టర్లు!" అని ఎల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తారకం తల దించుకున్నాడు. "బుడగను నేను చూశాను మేడం. చూసి కూడా పంపు ఆపలేదు" అన్నాడు. వెనకాలే వచ్చిన మృణాళిని ఆ మాట విని, వెళ్ళి ఎల్లమ్మ చెయ్యి పట్టుకుంది.

సాయన్నకు మళ్ళీ గొట్టం వెయ్యడానికి గానీ, పరీక్షించకుండా ఆ మందు ఇవ్వడానికి గానీ డాక్టర్లు సాహసించలేదు. పాత మందులే ఇచ్చి ఇంటికి పంపారు. తారకం చిప్ ఇంకా కొన్నాళ్ళు చక్కగా ఊపిరి తీసుకుంది గానీ, దానితో ఎవరికీ పని లేకపోయింది.

పక్కవారి పని చెడితే తన పని రాణిస్తుందనుకునే అసూయపరుడు, చివరికి తన పనిని కూడా చేజేతులా వ్యర్థం చేసుకుంటాడు.