గాలిదారిలో వేరుశెనగ గింజ

వైద్యం సోమనాద్రిగారు శిష్యులు అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పరు. అది జ్ఞానమని ఊళ్ళో కొందరంటారు. బద్ధకమని ఆయన భార్య అంటుంది. ఆవిడకే ఎక్కువ తెలిసే అవకాశం ఉంది.

ఆయన దగ్గర ఆరేళ్ళుగా చదువుతున్న కుటుంబయ్యకు ఎముకల లెక్క, నరాల దారులు, పేగుల మలుపులు అన్నీ నోటికి వచ్చు. నోరు మూయడం ఒక్కటే ఇంకా రాలేదు. ఆ రోజు వైద్యుడు లేని వెంపలగూడెం నుంచి పోలినాయుడూ, ఆయన మేనత్త సూరమ్మా వచ్చారు. కుటుంబయ్య నచ్చితే వెంట తీసుకుపోతారు. నచ్చకపోతే అతను మరో ఏడాది ఇక్కడే ఉండాలి. అందుకే వాళ్ళకు వినపడేలా గొంతు పెంచి అడిగాడు.

"గురువుగారూ, ఒంట్లో ఇన్ని అవయవాలున్నాయి కదా! వీటన్నిటి మీదా పెత్తనం ఎవరిది? వాటి సంగతి తెలిసినవాడిదే కదండీ?"

"ముందు భోంచేద్దాం" అన్నారు గురువుగారు.

విస్తళ్ళలో పులిహోర పడింది. కుటుంబయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అతిథుల వైపు తిరిగాడు.

"చూశారా నాయుడుగారూ, గాలికీ అన్నానికీ గొంతు దాకా ఒకటే దారి. అక్కడ రెండుగా చీలుతుంది. మింగేటప్పుడు గాలిదారి మీద చిన్న మూత పడుతుంది, మాట్లాడేటప్పుడు అదే తెరుచు..."

ఆ మూత ఏం చేయాలో తేల్చుకోలేకపోయింది. వేరుశెనగ గింజ ఒకటి గాలిదారి పట్టింది.

"అయ్యో, పొలమారింది!" అని సూరమ్మ అతని నడినెత్తి మీద టపటపా తట్టింది. "ఎవరో తలుచుకుంటున్నారు బాబూ!"

"మా ఊరి రోగులే అయ్యుంటారత్తా" అన్నాడు పోలినాయుడు తాపీగా.

"కాదురా, వాళ్ళమ్మ."

మనిషికి ఊపిరాడకపోతే, తలుచుకున్నదెవరో తేల్చడం మన వైపు మొదటి చికిత్స. కుటుంబయ్య కళ్ళు ఎర్రబడ్డాయి. దీనికి మందు ఏ ప్రకరణంలో ఉందో అతను లోలోపల పేజీలు తిప్పుతున్నాడు. పదహారో ప్రకరణం దాకా వెళ్ళాడు కూడా. ఈలోగా పొట్ట బిగిసింది, పక్కటెముకలు దగ్గరికొచ్చాయి, పెద్ద దగ్గు ఒకటి తన్నుకొచ్చింది. గింజ వెళ్ళి పోలినాయుడి విస్తట్లో, సరిగ్గా పెరుగు పక్కన పడింది.

పోలినాయుడు దాన్ని చాలాసేపు చూశాడు. కుటుంబయ్య తన ఉద్యోగాన్ని కూడా అక్కడే చూశాడు.

"దగ్గమని ఒంటికి నువ్వు చెప్పావా?" అడిగారు గురువుగారు.

"లేదండీ. నేనింకా వెతుకుతూనే ఉన్నానండీ" అన్నాడతను. ఆరేళ్ళలో అంత చిన్న జవాబు అతని నోట రావడం అదే మొదలు.

"ఏమంటారు వైద్యులుగారూ? ఈయన్ని నమ్మి ఊరు అప్పజెప్పమంటారా?" అన్నాడు పోలినాయుడు, విస్తరి కాస్త పక్కకు జరుపుతూ.

సోమనాద్రిగారు మజ్జిగ పూర్తిగా తాగి, మూతి తుడుచుకున్నారు.

"తీసుకెళ్ళండి నాయుడుగారూ. వచ్చే ప్రతి రోగి లోపలా ఓ పెద్దవైద్యుడు కూర్చునే వస్తాడు. ఆయన పక్కన మందులు నూరడం ఇతనికి బాగానే వచ్చు."