పదివేల ఏడు పెంకులు

కుంచేరులో పెంకులు కాల్చే అన్నదమ్ములు ముగ్గురు: అప్పలకొండ, పోలయ్య, గంగులు. మా వైపు చుట్టాలే, ఒప్పుకోక తప్పదు. అప్పలకొండకి తన తెలివంటే మహా నమ్మకం. జనం తనని చూసి నవ్వితే, తన తెలివికి సంతోషిస్తున్నారనుకునేవాడు.

ఆ ఏడు వరసగా మూడు గదులు కట్టుకున్నారు, తలా ఒకటి. గోడలు లేచాయి, పైకప్పే మిగిలింది. వానలు దగ్గరికొచ్చేశాయి. ఆవం తెరిచి లెక్కపెడితే పదివేల ఏడు పెంకులు. సమంగా పంచుకోడం ఎలాగో తేలక, లెక్కల మాస్టారిని పిలుచుకొచ్చారు.

ఆయన పుల్లతో మట్టిలో భాగహారం వేశాడు. "తలా మూడువేల మూడువందల ముప్పై అయిదు. రెండు మిగిలాయి. ఆ రెండూ కింద వెయ్యాలి," అని చెప్పి బడికి వెళ్ళిపోయాడు.

అంతే. అప్పలకొండ రెండు పెంకులు తీసి కింద వేశాడు. భళ్ళున పగిలాయి.

"ఇప్పుడు రెండు తక్కువయ్యాయి. మాస్టారు చెప్పిన లెక్క దీనికి పనికిరాదు," అన్నాడు దిగులుగా.

రెండో తరగతి మూడేళ్ళు చదివిన గంగులు, "తక్కువైతే పక్కనుంచి అప్పు తెచ్చుకోవాలన్నయ్యా. బళ్ళో అలాగే చెప్పారు," అన్నాడు.

ఇంకేముంది, పక్కింటి కప్పెక్కి రెండు పెంకులు ఊడదీశారు. లోపల అన్నం తింటున్న కామయ్య తలెత్తితే ఆకాశం కనబడింది.

లెక్క మళ్ళీ పదివేల ఏడు. అప్పలకొండ బడికి పరిగెత్తాడు. "రెండూ కింద వేశాం, మళ్ళీ రెండు తెచ్చాం. అయినా సమంగా రావట్లేదు మాస్టారూ."

మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. "రావు నాయనా. అది ప్రధాన సంఖ్య. ముగ్గురైనా ముప్పైమందైనా ఎన్నోకొన్ని మిగులుతాయి."

"ఏమీ మిగలకూడదంటే?"

"ఒక్కడే అన్నీ తీసుకోవాలి. లేదా పదివేల ఏడుగురు తలా ఒకటి తీసుకోవాలి," అన్నాడు ఆయన విసుగ్గా.

ఒక్కడే తీసుకోడం అన్యాయం కదా. అన్నదమ్ములు బళ్ళు కట్టి, చుట్టుపక్కల సంతలన్నీ తిరిగి, పదివేల నలుగురికి తలా ఒకటి పంచారు. మిగిలిన మూడూ వీళ్ళవి. ఒక్కటీ మిగల్లేదు. అప్పలకొండ ఆనందంతో తమ్ముళ్ళిద్దరినీ కౌగలించుకున్నాడు.

మర్నాడే వాన. ముగ్గురూ కప్పులేని గదిలో, నెత్తిన తలా ఒక పెంకు పెట్టుకుని నిలబడ్డారు.

అప్పలకొండ భార్య నూకాలు తడుస్తూ వచ్చి, "నాకేదయ్యా?" అంది.

అప్పలకొండ నాలిక్కరుచుకున్నాడు. ఇంట్లో మనిషినే లెక్కలో మర్చిపోయాడు. తన తెలివిని తనే తిట్టుకుని, తన పెంకుని మోకాలికేసి కొట్టి, సగం ఆమె నెత్తిన పెట్టాడు.

"మీకు సగం, మాకు ఒకటా? సమంగా లేదన్నయ్యా," అన్నాడు పోలయ్య. తమ్ముళ్ళు కూడా తమవి విరగ్గొట్టుకున్నారు.

"మరి ఊళ్ళోవాళ్ళ దగ్గర ఇంకా మొత్తం పెంకులే ఉన్నాయే," అన్నాడు గంగులు.

అంతే. నలుగురూ సుత్తి పట్టుకుని వానలో బయల్దేరారు. వీధి చివర మొదటి తలుపు తట్టారు. పాలకుండ మీద పెంకు మూతపెట్టుకున్న ముసలమ్మ తలుపు తీసింది.

అప్పలకొండ వినయంగా చెయ్యి చాపాడు. "ఆ పెంకు ఒకసారి ఇవ్వు పెద్దమ్మా. సగం చేసి ఇచ్చేస్తాం. ఇంకా పదివేల మూడు ఇళ్ళు తిరగాలి."