సారెతో సహా

ఒకానొక రాజ్యానికి ఓ వైపు హద్దంతా ఏరే. ఇటు తెలుగు, అటు కన్నడం. పుట్టిలో అటూ ఇటూ తిరిగే జనానికి మాత్రం ఆ హద్దు పట్టేది కాదు. ఈ ఒడ్డున మొదలుపెట్టిన మాట ఆ ఒడ్డున ముగించేవారు. ఈ పిల్లను అటిచ్చేవారు, ఆ పిల్లను ఇటు తెచ్చుకునేవారు.

ఆ రాజ్యాన్నేలే ఉద్దండపాలుడికి తన మీసం మీద ఎంత గర్వమో తన భాష మీదా అంతే. ఒకనాడు అవతలి ఒడ్డు రాయబారి విందు ఆరగిస్తూ, "మీ తెలుగులో సగం మా ఇంటిదే ప్రభూ! మాటలే కాదు, వాటిని పేర్చే తీరు కూడా మాదే," అని నవ్వాడు. రాజుగారికి ముద్ద మింగుడుపడలేదు.

మర్నాడే చాటింపు వేయించాడు. ఏరు దాటి వచ్చిన మాటలన్నీ ఏరు దాటి పోవలసిందే. ఆ తర్వాత ఎవరి నోట వినపడినా వాళ్ళనూ పుట్టి ఎక్కిస్తారు.

"పంపే పని నీదే గుర్రప్పా," అన్నాడు రాజు, కొలువులో అందరినీ నవ్వించే ముసలి చమత్కారితో. "ఒక్కటి మిగిలినా ఊరుకోను."

"చిత్తం," అన్నాడు గుర్రప్ప. ఎప్పుడూ చివర ఏదో ఒక కొంటెమాట తగిలించే మనిషి, ఆ రోజు ఆ ఒక్క ముక్కతోనే బయటికి నడిచాడు.

ఇంటికి వెళ్ళి గడప దగ్గర కూలబడ్డాడు. భార్య హొన్నవ్వ అవతలి ఒడ్డు పిల్ల. ఆయన బయటికి వెళ్ళేటప్పుడల్లా తలుపు పట్టుకుని "జోపాన" అనేది. జాగ్రత్త అని. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఏ పండక్కి ఏ చీర కట్టేదో కలగాపులగమైపోయింది. ముక్కుపుడక ఏ వైపు పెట్టుకునేదో మొన్న ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. ఆ ఒక్క మాట మాత్రం చెక్కుచెదరలేదు. గడప దాటుతూ తనకు తానే చెప్పుకుంటే, వెనక ఎవరో నిలబడ్డట్టే ఉండేది.

అదీ ఇచ్చేయాలా?

మర్నాడు పొద్దున రాజుగారి ఫలహారంలో ఓళిగలు, అవే బొబ్బట్లు, రాలేదు. పెనం లేదు, వంటవాడూ లేడు. "గుర్రప్ప రేవుకు తీసుకుపోయాడు ప్రభూ," అన్నారు. రాజు మండిపడుతూ, ఈ మడి భాష సంగతి తనకు నూరిపోసిన ఆస్థాన పండితుణ్ణి వెంటబెట్టుకుని రేవుకు వెళ్ళాడు.

రేవంతా సామానే. కంబళ్ళు, రుబ్బురోళ్ళు, పెనం, పెనం పక్కన దిగాలుగా వంటవాడు. పుట్టిలో మాత్రం ఒక పాత ఉయ్యాల ఒక్కటే ఉంది.

"మాటల్ని పంపమంటే నా ఇల్లు ఖాళీ చేస్తావా!"

"కోడల్ని పుట్టింటికి తోలేస్తూ ఆమె తెచ్చిన సారె మనం అట్టిపెట్టుకుంటామా ప్రభూ? నలుగురూ నవ్వరూ? ఓళిగ అన్న మాట పోతోంది. వెంట పెనమూ, చేసే చెయ్యీ పోవద్దూ? రేపు అవతలివాళ్ళూ మన మాటల్ని ఇలాగే తోలేస్తారు. వాటి వెంట మన ఆడపడుచులూ వస్తారు, ఏడుస్తూ."

పండితుడు పెనం వైపు చూసి గుటక మింగాడు.

"సరే, ఆ ఉయ్యాల ఎందుకు?"

"అది మీ అమ్మగారు సారెగా తెచ్చింది. దాంతో పోవలసిన మాట ఒకటుంది. నేను పంపలేను. దాని సొంతదారు తమరే."

"ఏమిటా మాట?"

గుర్రప్ప దగ్గరికొచ్చి ఎవరికీ వినపడకుండా అన్నాడు. "కూసు."

రాజుగారి చెయ్యి మీసం మీంచి కిందికి జారింది. కూసు అంటే పసిబిడ్డ అని. "బా కూసూ", రా పసివాడా, అంటూ గోరుముద్దలతో వెంటపడే తల్లి, అవతలి ఒడ్డు రాచబిడ్డ. ఆమె పోయాక రాజును అలా పిలిచినవాళ్ళే లేరు.

"నీకెవరు చెప్పారు?"

"అమ్మగారి వెంట అదే పుట్టిలో వచ్చింది మా హొన్నవ్వ. ఈ ఉయ్యాల ఊపిన చెయ్యి ఆమెదే. ఆమె మాటా ఒకటి నా దగ్గరుంది. మీది మీరు పుట్టిలో పెట్టండి, పక్కనే నాదీ పెడతాను. ఒకటే భయం ప్రభూ. నోరు అనడం మానేస్తే మనసు కూడా ఎక్కడో పెట్టి మరిచిపోతుంది. ఆ తర్వాత వెతుక్కుందామన్నా, ఏం పోయిందో తెలియదు."

రాజు ఏటి అవతలికి చూశాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఓరి గుర్రప్పా, నా ఉయ్యాల నా చేతే ఏటిపాలు చేయించేవాడివే! అన్నీ ఇంటికి చేర్చండి. చాటింపు రద్దు. ఆ రాయబారి మళ్ళీ అడిగితే, అవును, సగం మీదే, ఇచ్చేది లేదని చెప్పండి."

పండితుడు అప్పటికే పెనం నెత్తికెత్తుకున్నాడు.

రాజు చేతి కంకణం తీసి ఇవ్వబోతే గుర్రప్ప వద్దన్నాడు. "పొద్దుగూకేవేళ ఈ రేవులో కూర్చోనివ్వండి, చాలు." రాజు కంకణమూ తొడిగాడు, రేవులో రాతి అరుగూ వేయించాడు.

ఒక సాయంత్రం గుర్రప్ప పుట్టెక్కి ఏట్లో ఓ చుట్టు తిరిగొచ్చాడు. దిగుతుంటే పుట్టి నడిపే పడుచు చెయ్యందించింది. ఈ ఒడ్డున పుట్టి పెరిగిన పిల్ల.

"జోపానం తాతా, రాయి జారతాది."

గుర్రప్ప పుట్టి అంచు పట్టుకుని నిలబడిపోయాడు. "ఆ మాట నీకెక్కడిదమ్మా?"

"యాడిదేంది తాతా? మన మాటే గదా!"

మెట్టెలు తొడిగిన కోడలిలా, చివర ఒక తెలుగు సున్నా తొడిగించుకుని, హొన్నవ్వ మాట ఎవరెవరి ఇళ్ళలోనో కాపురం చేస్తోంది. ఇక తాను మరిచిపోయినా పర్వాలేదు.

గుర్రప్ప ఆ చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా ఒడ్డున కాలు పెట్టాడు.