బిడ్డమడ తల్లి కథ

ఏటిపాయ సముద్రంలో కలిసే చోట బిడ్డమడ అనే పల్లె ఉంది. రోడ్డు రేవు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుండి భక్తులు పడవలో పాయ దాటి, బురదపై పరచిన తాటిదుంగల మీదుగా అమ్మవారి సన్నిధికి చేరాలి. గోపురం లేదు, గంట లేదు. ఉప్పునీటిలో పెరిగే మడచెట్ల నడుమ, ఒక ముసలి చెట్టు మొదట్లో పసుపు పూసిన చిన్న రాయి ఉంటుంది. అదే బిడ్డమ్మ. ఈ తల్లికి చీర కట్టరు. చిన్నపిల్లల పరికిణీ గుడ్డ చుడతారు.

పూర్వం ఇక్కడ పాయ పొడవునా ఎండ దూరనంత దట్టంగా మడ ఉండేది. ఊరివారు చేపల వేట మీద బతికేవారు. కొంతకాలానికి గుల్లసున్నం కాల్చే బట్టీలు ఒడ్డుకు వచ్చాయి. మడకట్టె బాగా మండుతుందని బట్టీవారు అడిగితే ఊరి పెద్దలు సరేనన్నారు. వేట పడని రోజుల్లో గొడ్డలి పట్టడం తేలికగా తోచింది. కొన్నేళ్ళకు ఊరి ముందు నేల బోసిపోయి, గుడిసెల్లో కూర్చుంటే సముద్రం కనిపించసాగింది.

గవరమ్మ అనే వితంతువు ఒక్కతే అడ్డుపడింది. ఆమె వలలు అల్లి, ముత్యాలు అనే ఒక్కగానొక్క కూతురిని పెంచుకునేది. కులపెద్ద ధర్మన్న దగ్గరకు వెళ్ళి, "పెద్దయ్యా, మన తాతల నాడు ఉప్పెనకు అడ్డం నిలిచింది ఈ మడే గదా! దీన్ని కొట్టేసుకుంటే రేపు మనకు దిక్కెవరు?" అని అడిగింది.

"నీళ్ళొచ్చినప్పుడు చూద్దాంలేవే. ఇవాళ పొయ్యి వెలగాలి గదా" అన్నాడు ధర్మన్న. ఆయన చెడ్డవాడు కాడు. ఆకలి ఎరిగినవాడు. గవరమ్మ మాత్రం తన గుడిసె వెనుక ఉన్న కాస్త మడ మీద గొడ్డలి పడనివ్వలేదు.

ఒక కార్తీకంలో ఉప్పెన వచ్చింది. మగవారు చాలామంది వేటలో ఉన్నారు. పట్టపగలే ఆకాశం నల్లబడి, సముద్రం ఊరి మీదికి లేచింది. గవరమ్మ కనిపించిన పిల్లలనందరినీ తన మడలోకి తోలుకుపోయి, వలతాళ్ళతో ఒక్కొక్కరినీ చెట్లకు కట్టింది. ముందు పరాయి పిల్లలను కట్టింది. ముత్యాలు వంతు వచ్చేసరికి తాడు అయిపోయింది.

"అమ్మా, గట్టిగా పట్టుకో" అంది పిల్ల.

గవరమ్మ ఒక చేత్తో కొమ్మను, ఒక చేత్తో కూతురిని పట్టుకుంది. నీరు తీసేసరికి కొమ్మ చేతిలో ఉంది. పిల్ల లేదు.

చెట్లకు కట్టిన పిల్లలు బతికారు. వారిలో ధర్మన్న మనుమరాలు కూడా ఉంది. ఆయన గవరమ్మ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆమె లేచి బురదలోకి నడిచింది. ప్రతి రోజూ బురద తవ్వుతూ కూతురిని వెతికేది. ఊరిలో ఎవరూ ఆమెను వారించలేకపోయారు.

ఒకనాడు అలసి ఒడ్డునే కునుకు తీయగా ముత్యాలు కలలో కనిపించింది. "అమ్మా, నన్ను తవ్వకు. పాయలో మడకాయలు కొట్టుకుపోతున్నాయి. ఏరి బురదలో గుచ్చు, మొలుస్తాయి. పెద్దోళ్ళ చేత వద్దు, పిల్లల చేత గుచ్చించు. నేనక్కడే ఉంటాను" అని చెప్పింది.

గవరమ్మ లేచి, బతికిన పిల్లలను పిలిచింది. మొదటి కాయ మాత్రం ముత్యాలు పేర, కన్నతల్లిగా ఆమే గుచ్చింది. పిల్లలు తమ ఇళ్ళలో పోయినవారి పేర్లు చెబుతూ తక్కినవి గుచ్చారు. పెద్దలు ఒడ్డున నిలబడి ఆ పేర్లు వింటూ ఉండిపోయారు. మడ కొట్టిన చేతులతో బురదలోకి దిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ మొక్కలు చాలావరకు చచ్చాయి. మరుసటి ఏడు మళ్ళీ గుచ్చారు. గవరమ్మ కన్నుమూసే నాటికి మడ ఆమె నడుము ఎత్తుకే వచ్చింది. అది అడవి కావడం ఆమె చూడలేదు. ముత్యాలు పేర మొలిచిన చెట్టు మొదట్లోనే ఊరివారు రాయి నిలిపి, ఆ పిల్లను బిడ్డమ్మగా కొలిచారు. ఆనాటి నుండి ఊరికి బిడ్డమడ అనే పేరు నిలిచింది.

నేటికీ కార్తీకంలో ఊరి బడి పిల్లలు, బడి వెనుక నారుమడిలో తాము పెంచిన మడమొక్కలను తెచ్చి ఇక్కడ నాటుతారు. డప్పులు మోగవు. చుట్టూ రొయ్యల చెరువులు పెరిగి మడ ఏటేటా తరిగిపోతోంది. నాటినవన్నీ బతకవు. పోయినేడు పంతులమ్మ అన్నపూర్ణ గారు ఐదో తరగతి పిల్ల దేవకిని, "ఎవరి పేరమ్మా?" అని అడిగారు.

"మా నాన్న పేరండి. వేటకెళ్ళి రాలేదు. కిందటేడు పెట్టిన మొక్క చచ్చిపోయింది. మళ్ళీ పెడుతున్నాను" అంది ఆ పిల్ల.

ఈ సన్నిధిలో సిరులు కోరి ముడుపు కట్టే ఆచారం లేదు. మొక్క నాటి వచ్చిన ప్రతి బిడ్డకూ పూజారిణి నుదుట బురద బొట్టు పెట్టి, "నిండు నూరేళ్ళు బతుకు" అని దీవిస్తుంది. ఆ మాట వినిపించినంతసేపు పెద్దలు ఒడ్డున తలలు వంచుకుని నిలబడతారు.